ప్రకటనల పోరు: 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక (మద్రాసు రాజకీయ చరిత్ర – 9వ భాగం)

1939 జనవరి 29న దేశమంతటా కాంగ్రెస్ ప్రతినిధులు ఎవరి రాష్ట్రంలో వారు ఓటు వేసి పార్టీ అధ్యక్షుణ్ని ఎన్నుకున్నారు. సుభాష్ చంద్ర బోస్‌కు 1,580 ఓట్లు, భోగరాజు పట్టాభి సీతారామయ్యకు 1,377 ఓట్లు వచ్చాయి. తేడా 203. అభ్యర్థులిద్దరూ ఒకే వేదిక ఎక్కి ముఖాముఖి వాదించుకున్నది లేదు. వాదమంతా పత్రికా ప్రకటనల్లోనే నడిచింది. జనవరి 20 నుంచి 28 దాకా తొమ్మిది రోజులపాటు కలకత్తా, బార్డోలీ, బొంబాయి, ఆల్మోరాల నుంచి వెలువడిన ప్రకటనలు ఒకదానికొకటి జవాబు చెప్పుకున్నాయి. పైకి అది వ్యక్తుల పోటీ, ఫెడరేషన్ మీద తగవు. అడుగున ఉన్న ప్రశ్న వేరు: కాంగ్రెస్ అధ్యక్షుడు సభను నడిపే పెద్దమనిషా, పార్టీని నడిపే నాయకుడా?

ఈ ఎన్నికకు మద్రాసు రాష్ట్రంతో సంబంధం గట్టిది. అభ్యర్థుల్లో ఒకరు మద్రాసులో చదువుకుని బందరులో స్థిరపడిన తెలుగువారు. 1920 నాగపూర్ మహాసభ తర్వాత కాంగ్రెస్ తన ప్రాంతీయ సంఘాలను భాషల వారీగా ఏర్పరచుకుంది. అందువల్ల ఒకే మద్రాసు రాష్ట్రంలో ఆంధ్ర, తమిళనాడు, కేరళ సంఘాలు వేర్వేరుగా ఓటు వేశాయి. మూడూ ఒకే దారి పట్టలేదు.

పీఠం స్వరూపం

తొలి దశాబ్దాల్లో కాంగ్రెస్ అధ్యక్షుడంటే ఏటా ఒకసారి జరిగే మహాసభకు అధ్యక్షత వహించే ప్రముఖుడు. 1891లో నాగపూర్ సభకు అధ్యక్షుడైన పనప్పాకం ఆనందాచార్యులు మద్రాసులో పేరున్న వకీలు, 1884లో ఏర్పడిన మద్రాసు మహాజన సభ స్థాపకుల్లో ఒకరు. తెలుగువారిలో ఆ పీఠం ఎక్కిన మొదటివారు ఆయనే. అప్పట్లో అధ్యక్షోపన్యాసం చదివి, తీర్మానాలు గట్టెక్కించి, సభ ముగించగానే అధ్యక్షుడి పని కూడా దాదాపు ముగిసేది.

గాంధీ యుగంలో ఆ పదవికి ఏడాది పొడవునా పని పడింది. 1920 నిబంధనావళితో కార్యవర్గం వచ్చింది. 1934 బొంబాయి మహాసభలో మార్చిన నిబంధనలు కార్యవర్గ సభ్యులను నియమించే అధికారాన్ని అధ్యక్షుడి చేతిలోనే పెట్టాయి. అయినా ఎవరు అధ్యక్షుడు కావాలో పెద్దలు ముందే మాట్లాడుకునేవారు, గాంధీ మనసు తెలుసుకునేవారు, మిగతా పేర్లు తప్పుకునేవి. ప్రతినిధుల ఓటు చాలాసార్లు లాంఛనమే.

ఈ రెంటి మధ్య ఇబ్బంది 1936లోనే బయటపడింది. ఫైజ్‌పూర్ మహాసభకు జవహర్‌లాల్ నెహ్రూ పేరు మళ్లీ వచ్చినప్పుడు వల్లభ్‌భాయ్ పటేల్ తన పేరు ఉపసంహరించుకుంటూ ఒక ప్రకటన ఇచ్చారు. అధ్యక్షుడికి నియంత అధికారాలు లేవనీ, ఎవరిని ఎన్నుకున్నా సంస్థ తన అధికారాలను వదులుకోదనీ దాని సారం. నెహ్రూ సోషలిజానికి ఓటు పడిందని ఎవరూ అనుకోకుండా పటేల్ ముందే కట్టిన గట్టు అది. రెండేళ్ల తర్వాత ఆ వాదననే మరింత పదునుగా వాడారు.

ముగ్గురిలో మిగిలిన ఇద్దరు

1938 ఫిబ్రవరిలో జరిగిన హరిపుర మహాసభకు బోస్ అధ్యక్షులు. ఆ ఏడాదిలోనే ఆయన జాతీయ ప్రణాళికా సంఘాన్ని ఏర్పరచి దానికి నెహ్రూను అధ్యక్షుణ్ని చేశారు. బ్రిటిష్ ప్రభుత్వంతో తేల్చుకోవడానికి ఐరోపా పరిస్థితులు కలిసివస్తున్నాయనీ, ఆలస్యం తగదనీ ఆయన నమ్మకం. తరువాతి మహాసభ త్రిపురిలో జరగవలసి ఉంది. దానికి అధ్యక్షులుగా బోస్, మౌలానా అబుల్ కలాం ఆజాద్, పట్టాభి పేర్లు ప్రతిపాదనకు వచ్చాయి.

గాంధీ మొగ్గు ఆజాద్ వైపు. పట్టాభి కూడా ఆజాద్ కోసం తప్పుకోవాలనే అనుకున్నారు. అంతలో జనవరి 20న ఆజాద్ అనారోగ్యం కారణంగా పోటీ నుంచి తప్పుకుని, పట్టాభి పేరును సిఫారసు చేశారు. అప్పుడు పట్టాభిని బరిలో నిలిపింది గాంధీ. తానుగా కోరుకోని పోటీకి పట్టాభి ఆ విధంగా అభ్యర్థి అయ్యారు. ఆయన వాదన బలహీనపడడానికి మొదటి కారణం ఇదే.

పట్టాభి అనామకులు కారు. 1880 నవంబర్ 24న గుండుగొలనులో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, వైద్యపట్టా పొంది బందరులో వైద్యం మొదలుపెట్టారు. కొన్నేళ్లకు ప్రాక్టీసు మానుకుని పూర్తిగా ప్రజాజీవితంలోకి వచ్చారు. 1919లో ‘జన్మభూమి’ అనే ఇంగ్లీషు వారపత్రిక నడిపారు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. కాంగ్రెస్ స్వర్ణోత్సవం నాటికి, 1935లో, ఆ సంస్థ చరిత్రను ఇంగ్లీషులో రాసింది ఆయనే. స్వదేశీ సంస్థానాల ప్రజా ఉద్యమంలో అఖిల భారత స్థాయి నాయకులు. అప్పటికి ఆయన వయసు 58. పోటీ జరుగుతున్న వారంలోనే, జనవరి 23న, బోస్‌కు 42 నిండాయి.

ఫెడరేషన్ అనే గుదిబండ

ప్రకటనల్లో పదేపదే వినిపించిన మాట ‘ఫెడరేషన్’. 1935 భారత ప్రభుత్వ చట్టంలో రెండు అంతస్తులున్నాయి. కింది అంతస్తు రాష్ట్రాల స్వపరిపాలన. దాని ప్రకారమే 1937 జూలైలో మద్రాసులో రాజగోపాలాచారి (రాజాజీ) మంత్రివర్గం ఏర్పడింది. పై అంతస్తు ఫెడరేషన్: బ్రిటిష్ ఇండియా, స్వదేశీ సంస్థానాలు కలిసి ఏర్పడే కేంద్రం. దిగువసభలో 375 స్థానాలకు 125, ఎగువసభలో 260కి 104 సంస్థానాల వాటా. ఆ స్థానాల్లో కూర్చునేది ప్రజలు ఎన్నుకున్నవారు కాదు, రాజులు పంపినవారు. ఎగువసభలో కనీసం 52 స్థానాలకు అర్హత ఉన్న సంస్థానాలు, మొత్తం సంస్థాన జనాభాలో సగం మందితో, చేరితే తప్ప ఆ పై అంతస్తు లేవదు.

ఈ పథకాన్ని కాంగ్రెస్ తిరస్కరించింది. కానీ రాష్ట్రాల్లో మంత్రి పదవులను కూడా తొలుత వద్దని, తర్వాత పుచ్చుకున్న పార్టీ కదా అన్న అనుమానం వామపక్షంలో బలంగా ఉండేది. ఆ అనుమానానికి మద్రాసు నుంచే ఊతం దొరికింది. కేంద్ర శాసనసభలో కాంగ్రెస్ ప్రముఖుడైన ఎస్. సత్యమూర్తి కొన్ని మార్పులు, షరతులతో ఫెడరేషన్‌ను ఆమోదించవచ్చన్న ధోరణిలో మాట్లాడారు. పార్టీ ఫెడరేషన్‌ను ఒప్పుకుంటే తాను అధ్యక్ష పదవి వదులుకుంటానని బోస్ 1938 జూలైలోనే ప్రకటించారు. ఆరు నెలల తర్వాత ఎన్నికల్లో ఆయన తీసిన ఆయుధం ఇదే.

తొమ్మిది రోజుల వాదం

ఆజాద్ తప్పుకున్న మరునాడు, జనవరి 21న, బోస్ తొలి ప్రకటన వచ్చింది. ఈ పోటీ వ్యక్తుల మధ్య కాదన్నారు. స్వతంత్ర దేశాల్లో మాదిరి ఇక్కడ కూడా అధ్యక్ష ఎన్నిక నిర్దిష్టమైన సమస్యల మీద, కార్యక్రమాల మీద జరగాలనీ, అలా జరిగితే అందరి ఆలోచనలు తేటపడతాయనీ వాదించారు. తప్పుకోమని ఏ ప్రతినిధీ తనను అడగలేదనీ, ప్రతినిధుల తీర్పుకు తలవంచుతాననీ చెప్పారు. ఎదుటివారి మీద ఒక్క మాట లేకుండానే పోటీకి ఆయన ఒక గీత గీశారు. ఇక ఆ గీతలోపల వాదించాలా, గీతే తప్పని వాదించాలా అన్నది అవతలివారు తేల్చుకోవలసి వచ్చింది.

వారు రెండోదే ఎంచుకున్నారు. జనవరి 24న బార్డోలీ నుంచి ఉమ్మడి ప్రకటన వచ్చింది. సంతకాలు ఏడు: పటేల్, రాజేంద్ర ప్రసాద్, జైరాందాస్ దౌలత్‌రామ్, కృపలానీ, జమ్నాలాల్ బజాజ్, శంకరరావు దేవ్, భూలాభాయ్ దేశాయ్. పదిహేను మంది కార్యవర్గంలో దాదాపు సగం. అధ్యక్ష ఎన్నిక ఇంతవరకు ఏకగ్రీవంగా సాగుతూ వచ్చిందనీ, అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఒకరినే మళ్లీ ఎన్నుకోకూడదనీ అందులో అన్నారు. విధానాలను నిర్ణయించేది మహాసభ, కార్యవర్గం. అధ్యక్షుడు సభాపతి వంటివాడు, దేశ ఐక్యతకు చిహ్నం. అందుకే ఆ గౌరవం వీలైనంత మందికి దక్కాలి అని వాదించారు. పట్టాభి ఎన్నిక ఏకగ్రీవమయ్యేలా బోస్ పునరాలోచించాలని కోరారు. దీనిమీద సంతకం చేయమని పటేల్, కార్యవర్గంలోనే ఉన్న బోస్ సోదరుడు శరత్ బోస్‌కు తంతి పంపగా ఆయన నిరాకరించారు. పోటీ ఇద్దరు సభ్యుల మధ్య ఉన్నప్పుడు మిగతావారు ఒక పక్కన చేరడం తగదన్నది ఆయన జవాబు. తిరుగు తంతిలో పటేల్, సుభాష్ మళ్లీ ఎన్నిక కావడం దేశానికి హానికరమన్నారు.

మరునాడే, 25న, బోస్ తీవ్రమైన జవాబిచ్చారు. అది మూడు దెబ్బలుగా సాగింది. మొదటిది పద్ధతి మీద: కార్యవర్గ సభ్యులు కూడబలుక్కుని ఒకరి పక్షాన నిలిస్తే ప్రతినిధుల ఓటు స్వేచ్ఛగా ఉండదనీ, మళ్లీ ఎన్నిక కావడం కొత్తేమీ కాదనీ అన్నారు. రెండోది పదవి మీద: 1934 నిబంధనల తర్వాత అధ్యక్షుడు కేవలం సభాపతి కాదు, తన మంత్రివర్గాన్ని తానే నియమించుకునే ప్రధానమంత్రి లేదా అమెరికా అధ్యక్షుడి వంటివాడు. మూడోది ఉద్దేశం మీద: ఫెడరేషన్ విషయంలో మితవాదులకూ బ్రిటిష్ ప్రభుత్వానికీ రాజీ కుదరవచ్చని చాలామంది నమ్ముతున్నారు, దారికి అడ్డు లేకుండా ఉండాలనే వామపక్ష అధ్యక్షుణ్ని వద్దంటున్నారు. చివరన ఒక మెలిక పెట్టారు. ఆచార్య నరేంద్రదేవ్ వంటి, ఫెడరేషన్‌ను నిజంగా వ్యతిరేకించే మరొకరిని ఒప్పుకుంటే తాను తప్పుకుంటానన్నారు.

ఆ మెలికలో నేర్పు ఉంది. బోస్‌కు పదవీకాంక్ష అని ఎవరూ అనకుండా అది ఆయనను కాపాడింది. నరేంద్రదేవ్‌ను వద్దంటే, మితవాదులకు అభ్యంతరం వ్యక్తి మీద కాదు, విధానం మీదనే అని రుజువైనట్టవుతుంది. ఒప్పుకుంటే బోస్ కోరింది జరుగుతుంది. అవతలివారు ఆ మాట పట్టించుకోకుండా దాటేశారు.

పటేల్, రాజేంద్ర ప్రసాద్ ఫెడరేషన్ ఆరోపణను గట్టిగా ఖండించారు. కార్యవర్గంలో ఫెడరేషన్ కోరుకునేవారు ఒక్కరూ లేరని పటేల్ అన్నారు. బార్డోలీలో అనధికారికంగా కూర్చుని మాట్లాడుకున్నప్పుడే, ఆజాద్ ఒప్పుకోకపోతే మిగిలేది పట్టాభేనని అనుకున్నామని వివరించారు. తమ వెనుక మంతనాలు లేవని చెప్పడానికే ఆ వివరణ. కానీ నిర్ణయం ప్రతినిధుల కంటే ముందే ఒక గదిలో జరిగిందని అదే రుజువు చేసింది. 26న ఆల్మోరా నుంచి నెహ్రూ మధ్యేమార్గపు మాట చెప్పారు. ఈ ఎన్నికలో ఫెడరేషన్ అంశమే కాదనీ, కార్యక్రమాల మధ్య తగవు తనకు కనబడడం లేదనీ ఆయన అభిప్రాయం. ఆ మాట బోస్ గీసిన గీతను చెరిపింది. ఏడుగురి పక్షానా నిలవలేదు.

అభ్యర్థి మౌనం

ఇంత వాదంలో బాగా తక్కువ మాట్లాడింది పట్టాభే. సహచరుల నిర్ణయానికి కట్టుబడి నిలబడ్డానన్నదే ఆయన మాటల సారాంశం. చిహ్నంగా ఉండవలసిన అధ్యక్షుడు తన కార్యక్రమమేమిటో చెప్పుకోకూడదు. చెప్పుకుంటే బోస్ వాదనే సరైనదని ఒప్పుకున్నట్టు. ఏడుగురి వాదన అభ్యర్థి నోటికే తాళం వేసింది. తమ అభ్యర్థి ఎందుకు మంచివాడో చెప్పే అవకాశం కూడా అలా చేజారింది.

పట్టాభికి చెప్పుకోవడానికి చాలా ఉంది. ఫెడరేషన్‌లో రాజులు పంపే సభ్యులు కూర్చోవడమే వామపక్షం ప్రధాన అభ్యంతరమైతే, సంస్థానాల ప్రజలకు హక్కులు కావాలని ఏళ్ల తరబడి పోరాడిన మనిషి ఆయన. రాజీ అనుమానానికి అంతకంటే గట్టి జవాబు మరొకటి దొరకదు. భాషా రాష్ట్రాల వాదం, సహకార బ్యాంకింగ్, పత్రికా రచన – ఏది చూసినా ఆయనకు సొంత కార్యక్రమం ఉంది. ఆ ప్రచారంలో అవేవీ ముందుకు రాలేదు. ప్రతినిధుల కళ్ల ముందు నిలిచింది బోస్ ఒకవైపు, ఏడు సంతకాలు మరోవైపు. పట్టాభి ఆ సంతకాల వెనుక ఉండిపోయారు.

రేడియో ముందు ఇద్దరు

పార్టీలోపలి పోటీలో వాదనకు వేదిక ఉంటే ఏమవుతుందో చూడడానికి ఈ కాలానికి దగ్గరి ఉదాహరణ అమెరికాలో ఉంది. 1948 మే 17న ఆరెగాన్ రాష్ట్రంలో రిపబ్లికన్ పార్టీ ప్రైమరీ ఎన్నికకు ముందు థామస్ డ్యూయీ, హెరాల్డ్ స్టాసెన్ పోర్ట్‌లాండ్ నుంచి రేడియోలో వాదించుకున్నారు. అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థులు రేడియోలో ఎదురుపడడం అదే మొదలు. వాదన ఒక్క ప్రశ్న మీదే: కమ్యూనిస్టు పార్టీని నిషేధించాలా? స్టాసెన్ నిషేధించాలన్నారు, డ్యూయీ వద్దన్నారు. నిషేధాలు భావాలను చంపలేవన్న వాదనతో, న్యాయవాదిగా తనకున్న అనుభవంతో డ్యూయీ పైచేయి సాధించి ఆరెగాన్ గెలిచారు, తర్వాత పార్టీ అభ్యర్థిత్వం పొందారు. నవంబరులో ట్రూమన్ చేతిలో ఓడిపోయారు.

ఆరెగాన్‌లో ప్రశ్న ముందే ఇద్దరూ కలిసి ఒప్పుకున్నారు. 1939లో ప్రశ్న ఏమిటన్నదే తగవు. బోస్ ‘ఏ కార్యక్రమం?’ అని అడిగారు. ఏడుగురు ‘ఏ సంప్రదాయం?’ అని అడిగారు. కార్యక్రమం అన్న మాటకు వామపక్షం, రైతు సంఘాలు, యువకులు కదిలారు. సంప్రదాయం అన్న మాట పాత నాయకులను ఒక్కటి చేసింది. కానీ ఓటు వేయమని అడుగుతూనే ఓటు అవసరం లేదని చెప్పే వాదన అది. దానికి ఆకర్షణ తక్కువ.

ఇక్కడ రేడియో బ్రిటిష్ ప్రభుత్వం చేతిలో ఉండేది. 1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైనా, కాంగ్రెస్ వాదాలకు అందులో చోటు లేదు. కనుక బరువంతా పత్రికల మీదే పడింది. అప్పటికి మద్రాసులో ‘హిందూ’తోపాటు 1914 నుంచి దినపత్రికగా వస్తున్న ‘ఆంధ్రపత్రిక’, 1938 ఆగస్టు 15న మొదలైన ‘ఆంధ్రప్రభ’ ఉన్నాయి. ఒక నాయకుడి మాటకు మరో నాయకుడి జవాబు పాఠకుడికి చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టేది. ముఖాముఖి వాదనలో తొందరపడి అనేసిన మాటను మరుక్షణం సరిదిద్దుకోవచ్చు. అచ్చయిన మాట అలాగే నిలిచిపోతుంది. బోస్‌కు అదే జరిగింది.

మద్రాసు రాష్ట్రంలో ఓట్ల దారి

ఫలితాల్లో బెంగాల్, పంజాబ్, సంయుక్త రాష్ట్రాలు (యునైటెడ్ ప్రావిన్సెస్), కర్ణాటక, కేరళ బోస్ వైపు నిలిచాయి. గుజరాత్, బీహార్, ఒరిస్సా, ఆంధ్ర పట్టాభికి మెజారిటీ ఇచ్చాయి. ఆంధ్ర ప్రతినిధుల్లో అత్యధికులు తమవాడి పక్షమే. ఆనందాచార్యుల తర్వాత దాదాపు అర్ధశతాబ్దం పాటు తెలుగువారెవరూ ఆ పీఠం ఎక్కలేదన్నది అక్కడ బలంగా పనిచేసే విషయం.

కేరళ కాంగ్రెస్‌లో సోషలిస్టుల పట్టు బలంగా ఉండేది. అక్కడి ఓటు బోస్‌కు పడడం ఊహించినదే. ఆశ్చర్యపరిచింది తమిళనాడు. గాంధీకి ఆప్తుడైన రాజాజీ మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా ఉండగానే తమిళ ప్రతినిధులు స్వల్ప తేడాతో బోస్ వైపు మొగ్గారు. ఆ మంత్రివర్గం మీద, రాజాజీ పద్ధతుల మీద పార్టీలోపల ఉన్న అసంతృప్తికి ఈ ఓటు ఒక దారి చూపింది. బోస్ అడిగిన ప్రశ్నకు ప్రతి రాష్ట్రం తన సొంత తగవుతో జవాబు చెప్పింది.

గెలుపు అర్థం మారిన తీరు

ఓట్లు లెక్కించాక వాదన ముగియలేదు. జనవరి 31న గాంధీ బార్డోలీ నుంచి ప్రకటన ఇచ్చారు. ఆజాద్ తప్పుకున్నాక పట్టాభిని ఆగమన్నది తానే కనుక ఈ ఓటమి పట్టాభిది కన్నా తనదే ఎక్కువని అన్నారు. కాంగ్రెస్ సభ్యత్వ జాబితాల్లో బోగస్ పేర్లున్నాయని కూడా అన్నారు. బోస్ దేశానికి శత్రువు కాదన్నారు. ఇక ఆయన తనకు నచ్చిన కార్యవర్గాన్ని ఎంచుకోవచ్చన్నారు.

పైకి మర్యాదగా ఉన్న ఆ ప్రకటన ఎన్నిక అర్థాన్నే తిప్పేసింది. అప్పటివరకు ప్రతినిధులు బోస్‌కూ పట్టాభికీ మధ్య ఎంచుకున్నామనుకున్నారు. ఇప్పుడు గాంధీకి వ్యతిరేకంగా ఓటు వేశామని తెలిసింది. బోస్‌ను కోరుకున్న ప్రతినిధుల్లో చాలామంది గాంధీని వద్దనుకున్నవారు కారు. ముందే ఈ ప్రశ్న వేసి ఉంటే ఫలితం ఎలా ఉండేదో ఊహించవచ్చు. బరిలో నిలవని మనిషి ఓటమిని తనదిగా చెప్పుకుని, గెలిచినవారి కాళ్ల కింది నేల కదిలించారు.

ఫిబ్రవరి 22న కార్యవర్గంలో పన్నెండు మంది రాజీనామా చేశారు. నెహ్రూ విడిగా ప్రకటన ఇచ్చి తప్పుకున్నారు. మిగిలింది బోస్ సోదరులిద్దరే. తమ నిజాయితీని శంకించిన మాటలే రాజీనామాలకు ప్రధాన కారణం. అంటే జనవరి 25న ఓట్లు తెచ్చిన ఆరోపణే ఫిబ్రవరిలో బోస్ మెడకు చుట్టుకుంది. తాను వ్యక్తులెవరి మీదా నింద వేయలేదని బోస్ వాదించినా ప్రయోజనం లేకపోయింది.

మార్చి రెండో వారంలో జబల్‌పూర్ దగ్గర, నర్మద ఒడ్డున త్రిపురి మహాసభ జరిగింది. అది 52వ మహాసభ కనుక అధ్యక్షుడి ఊరేగింపులో 52 ఏనుగులు నడిచాయి. ఊరేగింపు రథంలో బోస్ చిత్రపటం ఉంది. బోస్ మాత్రం తీవ్ర జ్వరంతో మంచం పట్టి ఉన్నారు. ఆయనను స్ట్రెచర్ మీద సభకు తీసుకువచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వానికి ఆరు నెలల గడువు ఇవ్వాలన్న అధ్యక్షోపన్యాసాన్ని శరత్ బోస్ చదివి వినిపించారు. రాజ్‌కోట్‌లో నిరాహార దీక్ష ముగించిన గాంధీ సభకు రాలేదు.

గోవింద్ వల్లభ్ పంత్ అక్కడ తీర్మానం పెట్టారు. పాత కార్యవర్గం మీద విశ్వాసం, వారిపై పడిన నిందల పట్ల విచారం, కొత్త కార్యవర్గాన్ని గాంధీ కోరిక ప్రకారం నియమించాలన్న అభ్యర్థన దాని సారం. తీర్మానాన్ని సమర్థిస్తూ రాజాజీ పక్కనే పారుతున్న నదిని చూపి మాట్లాడారు. నదిలో రెండు పడవలున్నాయి: ఒకటి పాతది, పెద్దది, గాంధీ నడిపేది, రెండోది రంగులు వేసి జెండాలు కట్టిన కొత్తది, కానీ చిల్లి పడింది. కొత్త పడవ ఎవరిదో ఆయన చెప్పలేదు, చెప్పనక్కరలేకపోయింది. కార్యక్రమాల ప్రశ్నను నమ్మకం ప్రశ్నగా మార్చేసిన ఉపమానం అది. తీర్మానం నెగ్గింది.

అధ్యక్షుడికి కార్యవర్గాన్ని నియమించే అధికారం ఉందన్న బోస్ ప్రధాన వాదన అక్కడితో ఓడిపోయింది. ఆయన పీఠం మీద ఉన్నారు కానీ సొంతంగా మంత్రివర్గం ఏర్పరచుకోలేని ప్రధానమంత్రి అయ్యారు. గాంధీతో ఉత్తరాలు నడిచినా సర్దుబాటు కాలేదు. ఏప్రిల్ 29న కలకత్తా అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశంలో బోస్ రాజీనామా చేశారు. రాజేంద్ర ప్రసాద్ ఆ పదవి చేపట్టారు. మే 3న బోస్ ఫార్వర్డ్ బ్లాక్ ప్రకటించారు. ఆగస్టులో కాంగ్రెస్ ఆయనపై క్రమశిక్షణ చర్య తీసుకుని, మూడేళ్లపాటు ఎన్నికయ్యే పదవులకు అనర్హుణ్ని చేసింది.

మద్రాసు సముద్రపు ఒడ్డు

1939 సెప్టెంబర్ 3 సాయంత్రం బోస్ మద్రాసు సముద్రపు ఒడ్డున బహిరంగ సభలో మాట్లాడుతున్నారు. ఆయన లెక్క ప్రకారం అక్కడ రెండు లక్షల మంది ఉన్నారు. ఉపన్యాసం మధ్యలో జనంలోంచి ఎవరో ఒక సాయంకాలపు పత్రికను ఆయన చేతికందించారు. అందులో బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించిందన్న వార్త ఉంది. పదవి పోయి నాలుగు నెలలైన మనిషి, ఐరోపా పరిస్థితుల గురించి తాను చెప్పినది నిజమవుతున్నట్టు ఆ ఇసుకలోనే చదువుకున్నారు. యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం ఫెడరేషన్ ప్రయత్నాలను పక్కన పెట్టేసింది. జనవరి ప్రకటనల్లో అంత పెద్ద అంశమైన ఫెడరేషన్ ఎప్పటికీ అమలు కాలేదు.

ఓటు ఒకరిది, సంస్థ మరొకరిది అన్న తీరు మద్రాసులోనే మళ్లీ కనిపించింది. 1946లో శాసనసభలో కాంగ్రెస్ పక్షనాయకుడిగా రాజాజీ ఉండాలని ఢిల్లీ పెద్దలు కోరుకున్నారు. సభ్యులు ఒప్పుకోలేదు. టంగుటూరి ప్రకాశం నాయకుడై ఏప్రిల్ 30న రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు. 1947 మార్చిలో సొంత పక్షమే ఆయనను దించింది.

పట్టాభి 1948లో మళ్లీ పోటీ చేశారు. ఈసారి ప్రత్యర్థి పురుషోత్తమదాస్ టండన్. పట్టాభి స్వల్ప తేడాతో గెలిచి జైపూర్ మహాసభకు అధ్యక్షులయ్యారు. ఆ మహాసభలోనే భాషా రాష్ట్రాలపై జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభిల సంఘం ఏర్పడింది. ముగ్గురి పేర్ల తొలి అక్షరాలతో దాన్ని జేవీపీ సంఘమన్నారు. 1949లో వెలువడిన నివేదిక ఆంధ్రరాష్ట్రానికి ఒక షరతు పెట్టింది: ఆంధ్రులు మద్రాసు నగరం మీద హక్కు వదులుకోవాలి. మద్రాసులో చదువుకుని, ఆంధ్రరాష్ట్రం కోసం ఏళ్లు పాటుపడిన పట్టాభి ఆ నివేదికపై సంతకం చేశారు.

అధ్యక్షుడు ఎవరన్న ప్రశ్నకు మాత్రం జవాబు 1951లో దొరికింది. అంతకు ముందు ఏడాది కృపలానీని ఓడించి అధ్యక్షుడైన టండన్‌కూ ప్రధానమంత్రి నెహ్రూకూ కుదరలేదు. 1951 ఆగస్టులో నెహ్రూ కార్యవర్గం నుంచి రాజీనామా చేశారు, సెప్టెంబరులో టండన్ తప్పుకున్నారు, నెహ్రూనే అధ్యక్ష పదవి కూడా చేపట్టారు. అధ్యక్షుడు ప్రధానమంత్రి వంటివాడని 1939లో బోస్ అన్నారు. పన్నెండేళ్లకు ప్రధానమంత్రే అధ్యక్షుడయ్యారు.

(సశేషం)